నల్లపెట్ట కాలు

మా బావగారు నాపారి చేతికి మెడ అప్పగించిన మనిషి కాసేపు బతుకు మీద ఆశ వదులుకోవాల్సిందే. నేను కొత్తగా ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు నీళ్ళకుండ దించబోతే మెడ పట్టేసింది. పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. ఆయన నన్ను పీట మీద కూర్చోబెట్టి, షియా గింజల నుంచి తీసిన వెచ్చటి వెన్న రాస్తూ మా పుట్టింటి మేకల గురించి అడగడం మొదలుపెట్టాడు. నేను చూడిమేక సంగతి చెబుతూ ఉండగానే మెడ టక్కుమనిపించాడు.

"అమ్మో, చచ్చాను!" అని కేక పెట్టాను.

"చచ్చినవాళ్ళు ఇంత గట్టిగా అరవరు అజారా. లేచి పొయ్యి సంగతి చూడు" అన్నాడు.

లేచాను. మెడ తిరిగింది. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు భయమూ పోయింది, గౌరవమూ కుదిరింది.

కందగడ్డల మట్టిదిబ్బలు పోసే రోజులొస్తే మా వాకిలి నడుములు పట్టేసిన మగవాళ్ళతో నిండిపోయేది. యెండి, తమాలే పట్నాల నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆసుపత్రికి వెళ్తే కాలు తీసేస్తారేమోనని హడలిపోయి వచ్చినవాళ్ళు కొందరు, వెళ్ళొచ్చినా నొప్పి వదలనివాళ్ళు కొందరు. ఆకులు మరిగించిన నీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టడం నా పని. కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతకడం ఆయన పని. నొప్పి ఎక్కడో రోగి చెప్పేదొకటి, ఆయన వేళ్ళు ఆగేది మరొకచోట. వేళ్ళు ఆగినచోటే రోగి "అబ్బా" అనేవాడు.

విరిగిన ఎముకకి మాత్రం కోడి కావాలి. రోగి తాలూకువాళ్ళే తేవాలి. బావగారు ముందు మనిషి ఎముక సర్ది, వెదురు దబ్బలు పెట్టి కట్టు కట్టేవాడు. తర్వాత నలుగురి ముందూ మంత్రం చదివి కోడి కాలు కూడా అదేచోట విరిచి, దానికీ కట్టు కట్టి, రోగి బట్టలోంచి చింపిన పేలిక దాని రెక్కకి ముడి వేసేవాడు. ఆ కోడి కాలు మోపి మట్టి గీరిన రోజున రోగిని లేపాలి. అంతవరకూ రాజు కబురు పెట్టినా లేవకూడదు.

"మనిషి అబద్ధమాడతాడు. నొప్పి లేదంటాడు, పెళ్ళికి వెళ్ళాలంటాడు. కోడికి ఏ పెళ్ళుంది?" అనేవాడు బావగారు.

మధ్యలో కోడి చచ్చిపోతే రోగి తాలూకువాళ్ళకి ఆ సంగతి చెప్పాలి. ఇంకో కోడిని తెప్పించి, మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అది ఆయన తాత పెట్టిన నియమం.

వుంబే దవదవ చెట్టెక్కి కాయలు కోస్తూ జారిపడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. అప్పటికి వాడికి మీసాలు సరిగ్గా రాలేదు గానీ, తకాయ్ ఆటలో వాడంతవాడు లేడు. చేతిలో ఇనుప కడ్డీ పట్టుకుని వలయంలో గిర్రున తిరిగితే అంగీ గొడుగులా విచ్చుకునేది. దాంబా పండక్కి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాడి ఆట చూడ్డానికే వచ్చేవాళ్ళు. వరసకి బావగారికి మనవడు. మాలో తాతా మనవడూ తిట్టుకోవాల్సిందే. తిట్టుకోవడం మానేశారంటే ఏదో పెద్ద తగువే వచ్చిందన్నమాట. అందుకని నొప్పితో పళ్ళు కొరుకుతూ కూడా వాడు నోరు మూయలేదు.

"కోడిదొంగా! నా కాలు సాకు పెట్టి మా అమ్మ కోడిని కొట్టేస్తున్నావు కదూ!"

"నోర్ముయ్ వెధవా, నీ కోడి నీకంటే ముందు లేస్తుంది. నీ పెళ్ళిలో అది ఆడుతుంది, నువ్వు చూద్దువుగాని."

అది నల్లపెట్ట. మా ముందుగదిలో వుంబే చాపకి ఎదురుగా దాన్ని కట్టేశారు. వాడి తల్లి కొడుక్కి సంకటి పెడుతూ కోడికీ ఓ ముద్ద వేసేది.

ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో లేను, షియా కాయలు ఏరుకోవడానికి అడవికి వెళ్ళాను. మా తోడికోడలు సంతకి వెళ్ళింది. ముందుగదిలో నిద్రపోతున్న వుంబే కాక ఇంట్లో ఉన్నది ఆవిడ కూతురు రాహి ఒక్కతే. రాహిని చిన్నప్పుడే మేనత్తకి పెంపకానికిచ్చారు. పెళ్ళీడుకొచ్చిందని ఆ వారమే తీసుకొచ్చారు. తండ్రి పని గురించి దానికేమీ తెలియదు. తమాలే నుంచి మేనమామ చెప్పాపెట్టకుండా దిగాడు. పెద్ద చుట్టం, కోడి కొయ్యకపోతే మర్యాద కాదు. రాహి పుంజు వెంట పడింది. అది కప్పెక్కింది. ముందుగదిలోకి ఎండ పడుతోందని ఎవరో నల్లపెట్టని గాదె వెనక నీడకి మార్చి ఉంచారు. కుంటికోడిని ముందు కోసుకోవాలని మేనత్త నేర్పిన బుద్ధి. కట్టు విప్పేసి, పొరుగాయన చేత కోయించి, వేరుశెనగ పులుసు పెట్టింది.

ఆ పిల్ల తప్పేముంది? పరుగెత్తలేని కోడే ఎవరికైనా ముందు చేతికి చిక్కుతుంది.

చుట్టం మర్యాద చేసి కాలిముక్కని బావగారి వైపు జరిపాడు. ఆయన కొరికాడు. పంటికింద ఎముక మీద ముడి తగిలింది. నాలుకతో తడిమాడు. ఎముక విరిగి అతుక్కుంటున్నచోట కట్టే ముడి అది, ఇంకా పచ్చిగా, మెత్తగా ఉంది. అలాంటి ముడిని చర్మం పైనుంచి జీవితమంతా వేళ్ళతో వెతికిన మనిషికి అది నోట్లో దొరికింది.

"ఏం బావా, రాయి తగిలిందా?" అన్నాడు చుట్టం.

"ఎముకే" అన్నాడు బావగారు. చుట్టం ముందు ఉమ్మలేక ఆ ముద్ద మింగాడు. ఎముకని మాత్రం గుప్పిట్లో దాచుకున్నాడు.

అప్పుడే వుంబే తల్లి దగ్గరికి వెళ్ళి చెప్పేస్తే పోయేది. ఇంకో కోడి, ఇంకొన్నాళ్ళ పడక, అంతే. కానీ నాపారి ఇంట్లో రోగి కోడిని వండుకు తిన్నారని నలుగురికీ తెలిస్తే ఆ వాకిట్లోకి మళ్ళీ ఎవరైనా కాలు తెస్తారా? పరువు నోరు నొక్కేసింది. ఆయన ఇంకో నల్లపెట్టని పట్టుకున్నాడు. నల్లపెట్టలన్నీ ఒకలాగే ఉంటాయి. కాలు విరవబోతే చేతులు రాలేదు. నలుగురి ముందు మంత్రంతో విరిచిన చేతులు చాటుగా దొంగతనంగా విరవలేకపోయాయి. మంచి కాలికే కట్టు కట్టి, పేలిక ముడేసి, పాత చోటే కట్టేశాడు. వుంబే ఎముక గట్టిపడితే నా వేళ్ళకి తెలియకపోతుందా, ఆ రోజే కోడి కట్టు విప్పుతాను అనుకున్నాడు.

మేకకి ఆ లెక్క తెలియదు కదా. ఓ పొద్దున తాళ్ళు తెంచుకుని వచ్చి కోడిని కట్టిన తాడూ, దాని కట్టు చుట్టూ ఉన్న జొన్నదంటు నారా నమిలేసింది. దబ్బలు ఊడిపోయాయి. నల్లపెట్ట ఎగిరి దూకి, వాకిట్లో మట్టి గీకడం మొదలుపెట్టింది.

వుంబే తల్లి ముందు చూసింది. నాలుక ఆడిస్తూ ఆవిడ పెట్టిన కూతకి చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ పరుగెత్తుకొచ్చి కూత అందుకున్నారు. నేనూ అందుకున్నాను. "లే నాయనా! నీ కోడి లేచింది, లే!" అని అందరం అరుస్తున్నాం. బావగారు నమాజుకి కాళ్ళు కడుక్కుని, కెటిల్ చేత్తో పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు. ఆ కోడి నీది కాదురా అనాలి. ఆ ఒక్క మాటే అనాలి. ఆయన పెదవులు కదలడం నేను చూశాను. "ఆగు" అన్నట్టున్నాడు. మా కూతల్లో ఎవరికి వినపడుతుంది?

వుంబే గోడ పట్టుకుని లేచి, గోడ వదిలి, నవ్వుతూ నడిచాడు. ఓ అడుగు బాగానే పడింది. తర్వాత అడుగులో కాలు మధ్యలో వంగింది. పచ్చికొమ్మ విరిగినట్టు చప్పుడైంది. కూతలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

మళ్ళీ కట్టాడు. ఈసారి కోడి కాలు నిజంగానే విరిచాడు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా, పొట్టిగా అతుక్కుంది. వుంబే మళ్ళీ తకాయ్ ఆడలేదు.

అందరూ కోడిని తిట్టారు. ఆత్రగత్తె కోడి అన్నారు. వుంబే కూడా అలాగే అనుకున్నాడు, అదీ ఘోరం. ఆ కుర్రాడికి బావగారి మీద ఇసుమంతైనా అనుమానం రాలేదు. రోజూ పొద్దున్నే పొలానికి మా వాకిట్లోంచే వెళ్ళేవాడు. ఓ గట్టి అడుగు, ఓ ఈడ్పు. "బతికే ఉన్నావా కోడిదొంగా!" అని కేకేసేవాడు. పంట చేతికొచ్చిన ప్రతిసారీ ఓ కోడిని చంకన పెట్టుకొచ్చి ఇచ్చేవాడు, కనీసం నడుస్తున్నానుగా నీ చలవ వల్ల అని.

బావగారు కోడికూర మానేశాడు. ఎందుకని అడిగితే పళ్ళు కదులుతున్నాయనేవాడు. సంకటి కూడా నాలుకతో వెతికి వెతికి మింగేవాడు. గదిలో పడుకుని ఉండి "మట్టి గీకుతోంది, ఆ కోడిని బయటికి తోలు అజారా" అనేవాడు. వెళ్ళి చూస్తే గదిలో కోడి ఉండేది కాదు. లేదంటే నమ్మడని, చేతులు చరిచి "హుష్" అని లేని కోడిని తోలేదాన్ని. ఆ తర్వాతే ఆయన కళ్ళు మూసేవాడు. ఒకటి రెండుసార్లు నాకూ ఆ చప్పుడు వినపడిందంటే నవ్వుతారు, కానీ వినపడింది.

ఇంకో వింత. కప్పు గడ్డి మార్చే రోజు వస్తే తన గది కప్పు మీద ఓ మూల ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. జుట్టంతా నెరిసిపోయాక కూడా తనే ఎక్కేవాడు. ఆయన కొడుకు ఇద్దీ, అప్పటికి కట్లు కట్టడం నేర్చినవాడు, "నాన్నా, నిన్ను కట్టడం నావల్ల కాదు, దిగు" అని బతిమాలేవాడు. చివరికి ఓ వేసవిలో నిచ్చెన జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

అందరికంటే ముందు కాలీడ్చుకుంటూ పరుగున వచ్చినవాడు వుంబే. ఆయన తలని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన గుప్పిట బిగిసి ఉంది. విప్పితే అందులో పొగచూరిన కోడి ఎముక, మధ్యలో ముడి.

"ఓరి కోడిదొంగా! కప్పులో కూడా ఎముకలు దాచావా?" అన్నాడు వుంబే, ఏడుస్తూనే నవ్వించాలని.

"నీదే" అన్నాడు బావగారు.

"నాదేమిటి?"

"నీ కోడి. మేం తినేశాం. ఆ రోజు వాకిట్లో నడిచింది వేరే కోడిరా. దాని కాలు విరగలేదు. నాకు తెలుసు. చెప్పలేదు."

ఇప్పటిదాకా నేను చెప్పినదంతా ఆయన అక్కడ మట్టిలో పడుకునే, ఇద్దీ కాలు లాగి సర్దుతుంటే పళ్ళ బిగువున చెప్పుకొచ్చాడు. పారేస్తే కుక్కలు తింటాయని, పాతిపెడితే కోళ్ళు పైకి తవ్వాయని, అందుకే కప్పులో దాచానని కూడా చెప్పాడు. వుంబే చివరిదాకా విన్నాడు. ఆయన తలని మెల్లగా కింద పెట్టి, ఎముకని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇక వీడు ఈ గడప తొక్కడనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ అడుగులు వినపడ్డాయి. వుంబే చంకలో ఓ నల్లపెట్ట. ఇద్దీకిచ్చాడు. ఇద్దీ దాని కాలు విరిచి కట్టు కట్టాడు. వుంబే దాని పక్కనే గోడకానుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి పొలం పని తమ్ముళ్ళకి వదిలేసి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ కోడికి కాపలా. పొద్దు వాలితే బుట్ట కింద మూసి, బుట్ట మీద రాయి పెట్టి వెళ్ళేవాడు. మేకని రానిచ్చేవాడు కాదు, నన్ను కూడా రానిచ్చేవాడు కాదు. బావగారి ముఖం మాత్రం చూసేవాడు కాదు. ఒక్క తిట్టు లేదు, ఒక్క ఎకసెక్కం లేదు.

"ఏరా, తాతని తిట్టవేం?" అని నేను ఎగదోశాను.

"పెద్దవారిని తిట్టకూడదు మామ్మా" అన్నాడు.

కోడి లేచింది. వుంబే దాన్ని తీసుకెళ్ళి దాని కాలు బావగారి వేళ్ళ మధ్య పెట్టాడు. ఆయన కళ్ళు మూసుకుని తడిమాడు. ముడి దొరికింది. శెనగగింజలా గట్టిగా ఉంది.

"మీ కోడే" అన్నాడు వుంబే. "ఎవరూ మార్చలేదు. లేవండి."

"ఒక్కసారి కోడిదొంగా అనరా, లేస్తాను" అన్నాడు బావగారు.

వుంబే పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. కోడిని కింద వదిలేసి వెళ్ళిపోయాడు. ఓ గట్టి అడుగు, ఓ ఈడ్పు. అవి వినపడకుండా పోయేదాకా బావగారు వింటూ ఉన్నాడు.

ఎముక గట్టిపడిందని ఇద్దీ ఎన్నిసార్లు చెప్పినా ఆయన లేవలేదు. వుంబే మళ్ళీ వస్తాడేమోనని పొద్దున్నే వాకిలి వైపు చూసేవాడు. వాడు మా వాకిలి తప్పించి, చెరువు గట్టు మీదుగా చుట్టు తిరిగి పొలానికి వెళ్ళేవాడు. వానలు పడ్డ మొదటి వారంలో బావగారు పోయాడు.

శవాన్ని ఎత్తేటప్పుడు వుంబే వచ్చి పాడె కొమ్ము ఒకటి పట్టాడు. గడప దాటుతుండగా వాడి పొట్టికాలి వల్ల పాడె పక్కకి ఒరిగింది. వాడు ముఖం మీద కప్పిన గుడ్డ వైపు వంగి, "పద కోడిదొంగా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి ఆపి చెంప పగలగొడదామనుకున్నాను. బతికుండగా అనాల్సిన మాటరా అది! కోడి లేచిన రోజు ఇదే గడపలో నిలబడి ఆయన ఓ మాట మింగాడు, ఆ చాప పక్కన వీడు ఓ మాట మింగాడు. ఏడుపు ముంచుకొచ్చి నేనూ ఏమీ అనలేకపోయాను.

నల్లపెట్ట ఇంకా మా వాకిట్లోనే తిరుగుతోంది. ఇంటికి చుట్టమొస్తే, కూర్చోమనే ముందే పిల్లలకి ఆ కోడిని చూపించి, దాన్ని పట్టుకోవద్దని చెబుతాను.