మూడు మెట్ల ఇల్లు

తిరువూరు పాత బజారులో మీరాబీ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా ఒకటే చెబుతారు: "మూడు మెట్ల ఇల్లు." వెళ్లి చూస్తే ఒక్క మెట్టూ ఉండదు. రోడ్డు మీంచి కాలు ఎత్తి పెడితే చాలు, అరుగు మీదుంటారు. ఊరికి ఇందులో వింతేమీ కనబడదు. పేరు పేరే, మెట్లు మెట్లే.

ఆ అరుగు మీద మీరాబీ నలభై రెండేళ్లుగా దూది పరుపులు కుడుతోంది. ఓ పత్తి వ్యాపారి దగ్గర మామగారు కొన్న ఇల్లది. టేకు స్తంభాలు, బెంగుళూరు పెంకులు, నాపరాళ్లు పరిచిన ఆరడుగుల అరుగు. ఆ వెడల్పు అందం కోసం కాదు. పరుపు పూర్తిగా పరిచి, దూది కదలకుండా దారంతో టాకాలు వేయాలంటే అంత చోటు కావాలి. విస్సన్నపేట, ఎ.కొండూరుల నుంచి పాత పరుపులు ఆటోలెక్కి వస్తాయి. దూది ఏకించి కొత్త గుడ్డలో కూరితే మళ్లీ ఆటోలెక్కి పోతాయి. ఫోమ్ పరుపులొచ్చినప్పుడు "ఇంకెన్నాళ్లులే" అన్నవాళ్ల నడుములకు ఇప్పుడు ఆమే పరుపు కుడుతోంది.

పాత కట్టడాలను ప్రేమించేవాళ్లతో నాకో పేచీ ఉంది. వాళ్లకు స్తంభం కావాలి, దానికి చేరగిలబడ్డ మనిషి అక్కర్లేదు. మొన్న ఏప్రిల్లో అనూహ్య అనే ఆర్కిటెక్చర్ విద్యార్థిని బజారు ఫొటోలు తీస్తూ వచ్చింది.

"ఆంటీ, ఆ పరుపు కాస్త పక్కకి తీస్తారా? ఫొటోలో పడుతోంది."

"పరుపు తీసేస్తే ఇక అరుగెందుకమ్మా, ఫొటోకా?"

అమ్మాయి తెలివైనది. పరుపుతోనే తీసింది.

తర్వాతి వారం, రోడ్డు వెడల్పు కోసం కొలతల కాంట్రాక్టు తీసుకున్నవాళ్ల తరఫున అనుదీప్ వచ్చాడు. టేపు లాగాడు. అరుగు అంచు నుంచి నాలుగడుగులు లోపలికి ఎర్రగీత గీశాడు. కాగితం మీద "ఆక్రమణ" అని రాశాడు. ఇక మిగిలేది రెండడుగులు. రెండడుగుల్లో పిల్లి పడుకుంటుంది గానీ పరుపు పరుచుకోదు.

"ఎవరిది ఆక్రమణ?" అంది మీరాబీ.

"మీ అరుగు రోడ్డులోకి వచ్చిందండి."

"రావటానికి దానికేమన్నా కాళ్లున్నాయా? రోడ్డే నా మెట్లెక్కి కూర్చుంది. మూడుండేవి. కోడలిగా వాటి మీంచే లోపలికొచ్చా."

అనుదీప్ వంగి చూశాడు. "ఏవండీ మెట్లు?"

ఎదుట టీ బండి జోజిబాబు నవ్వాపుకోలేకపోయాడు. "పేరులో ఉన్నాయి సార్, రాసుకోండి!"

మాట మీరాబీకి తగిలింది. నిజమే, పాతికేళ్ల లోపువాళ్లెవరూ ఆ మెట్లు చూడలేదు. రోడ్డేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైపైన పోసుకుంటూ పోయారు. పోసినప్పుడల్లా ఒక మెట్టు మునిగింది. ఎవరూ నోరెత్తలేదు, ఆమెతో సహా. వానాకాలం గుమ్మంలోకి నీళ్లొస్తే చేటతో ఎత్తి పోసుకుంది. ఓర్పును మెచ్చుకోవడం మనకు అలవాటు. ఓర్చుకున్న ప్రతిసారీ ఆమె ఒక మెట్టు పోగొట్టుకుంది, అంతే.

మీరాబీ లోపలికెళ్లి గడ్డపార తెచ్చింది.

"అమ్మా, రోడ్డు తవ్వితే కేసవుద్ది!" అన్నాడు అనుదీప్.

"రోడ్డెవరు తవ్వుతున్నారు? నా మెట్లు తుడుచుకుంటున్నా."

తారు పెచ్చు లేచింది. కింద కంకర, దాని కింద మళ్లీ తారు. జోజిబాబు కాసేపు నవ్వాడు, తర్వాత టీ గిన్నె దించి వచ్చాడు. "ఇటివ్వక్కా. నీ నడుం విరిగితే నా పరుపెవరు కుడతారు?"

మధ్యాహ్నానికి నాపరాయి అంచు బయటపడింది, పాదాలకు అరిగి నున్నగా. జానెడు ముందుకు, జానెడు కిందికి రెండోది. మూడోదాని కోసం గడ్డపార ఎత్తుతుంటే అనుదీప్ చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలండి, కనబడుతున్నాయి."

"కనబడితే కొలువు. అక్కణ్నించి."

కొలిచాడు. కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇలాంటిదానికి ఫారంలో గడి లేదండి."

"గీసుకో. నా అరుగు మీద గీత గీయటానికి ఎవర్నడిగావ్?"

గీశాడు. "ఆక్రమణ" కొట్టేసి, "పాత మెట్లు ఉన్నవి, వాటిపై రోడ్డు వేయబడినది" అని రాసి సంతకం పెట్టాడు.

పైవాళ్ల నిర్ణయం ఇంకా రాలేదు. గుంత పూడ్చడానికి కంకర ట్రాక్టరు మాత్రం రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ వెనక్కి పోయింది. మీరాబీ సూది పట్టుకుని రెండో మెట్టు మీద కూర్చుని ఉంది. డ్రైవరుకు ఆమె చెప్పింది ఒకటే: "పోస్తావా? పొయ్, నా మీద పొయ్. నాలుగో మెట్టవుతా."

ఎర్రగీత అరుగు మీద అలాగే ఉంది. దాన్ని కప్పేస్తూ ఆరడుగుల పరుపు పరిచి ఉంది.