పడవకు లారీ ఆయిల్

ముక్త్యాల రేవులో నా పడవ ఇంజను మోగుతోంది కానీ, గేరు వేస్తే వెనక నీళ్లలో ఉండే ఫ్యాను తిరగడం లేదు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన లారీ మెకానిక్ చూసి, "గేరుబాక్సు దింపాల్సిందేనండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కిందటి వారం అతను ఆయిల్ మార్చేదాకా అది బాగానే నడిచింది.

గేరుబాక్సులో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ బెల్లప్పాకంలా సాగింది.

"ఇందులో ఏం పోశావయ్యా?"

"గేరాయిలేనండి. గేరుబాక్సులో ఇంకేం పోస్తారు?"

లారీకైతే అదే పోస్తారు. నా పడవ గేరుకు పల్చటి ఇంజనాయిల్ కావాలి, దాని ఒత్తిడితోనే లోపల క్లచ్ పట్టుకుంటుంది. ఉన్న గేరాయిలంతా కార్చేసి, లోపల కడిగి, ఇంజనాయిల్ పోసి గేరు వేశాను.

తాడు విప్పడం మరిచిపోయాను. ఒడ్డున పాతిన గుంజను పెరుక్కుని మరీ బయల్దేరింది నా పడవ.