చెంచమ్మ గొంతుకు నేను చేసిన అన్యాయం

ఎన్నో ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నేతపని ఇల్లు. మీసం రాకముందే మగ్గం వదిలి నాటకాల కంపెనీలో చేరాను. చీర కట్టి నాయిక వేషం వేస్తే కర్నూలు జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. చెంచమ్మ వచ్చింది. అహోబిలం వైపు పిల్ల. పద్యం ఎత్తుకుందంటే డేరాలో దగ్గు కూడా వినపడేది కాదు. యజమాని నాయిక వేషం ఆమెకిచ్చి, నన్ను హార్మోనియం ముందు కూర్చోబెట్టాడు. ఆమె నన్ను నోరారా ‘అన్నా’ అనేది. నేను పైకి నవ్వుతూ లోపల కుళ్లిపోయేవాణ్ణి.

టాకీ సినిమాలు వచ్చిన కొత్తలో మద్రాసు నుంచి ఇద్దరు పెద్దమనుషులు కడపకు వచ్చారు. పాడగల నాయిక కావాలట. హార్మోనియం ఎక్కడ పలికితే వేషగాళ్లు అక్కడికే గొంతు ఎత్తాలి. ఆ రోజు ఆమె పద్యానికి నేను శ్రుతి రెండు మెట్లు పైన పట్టాను. కావాలనే పట్టాను. పైస్థాయిలో ఆమె గొంతు చీలిపోయింది. జనం ఈలలు వేశారు. ఆ పెద్దమనుషులు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు.

అది అసూయతో కళ్లు మూసుకుపోయి చేసిన పని అనుకుందాం. మరి మర్నాడు పొద్దున ఆమెతో నేనన్న మాటకు ఏం పేరు పెట్టను?

“శ్రుతి తెలిసినోడివి నువ్వు. నిజం చెప్పన్నా, నా గొంతు పోయిందా?” అని అడిగింది.

“పోతాండాదమ్మా. శానా కష్టపెట్టినావు దాన్ని. ఇంక పాడొద్దు,” అన్నాను.

నమ్మింది, పాట మానేసింది. ఎందుకలా అన్నాను? నా వేషం నాకు తిరిగి వస్తుందనా? గడ్డం గరుకెక్కినవాడికి చీరెవరిస్తారు?

ఆమె మాత్రం ఊరుకోలేదు. తనంతట తానే మద్రాసు వెళ్లి, టాకీల్లో తల్లి వేషాలు, వదిన వేషాలు సంపాదించుకుంది. రాయచోటిలో డేరా సినిమాహాల్లో ఆమె టాకీ ఒకటి చూశాను. ఎంత బాగా నటించిందో! పాట వచ్చేసరికి తను పాడకుండా పక్కకు తప్పుకుంది. నేను తలెత్తలేకపోయాను.

మొన్న బంధువులను చూడటానికి కడపకు వచ్చిందని తెలిసి వెళ్లాను. ఇంకా నలభై నిండలేదు. ఆ గొంతుకేమీ కాలేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మూసుకుని చచ్చిపోతే ఆమె ఆ అబద్ధంతోనే ముసలిదైపోదా? గడప బయట నిలబడి అంతా చెప్పాను. ఆమె అంతా వింది. తలుపు వేసేసింది.

చెప్పులు వేసుకుంటుంటే లోపల సన్నగా రాగం మొదలైంది. పైకి వెళ్లబోయి వణికింది, ఆగింది. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి నిలిచింది.

నన్ను క్షమించిందని నేననుకోను. నిలబడి వినే అర్హత కూడా నాకు లేదనిపించి వచ్చేశాను. కానీ చెప్పాను. ఆమెకు చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను.