రాఖీ కట్టిన చెల్లెలికి అమ్మిన ఇల్లు

అద్దంలో నా ముఖం చూస్తే నాకే ఉమ్మేయాలనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఈ బరువును లోపల పెట్టుకుని తిరుగుతున్నాను, తింటున్నాను, హాయిగా నిద్ర కూడా పోతున్నాను. నిద్ర పట్టలేదని చెబితే మీకు జాలి కలుగుతుందేమో. ఆ జాలి నాకొద్దు. బాగానే పట్టింది.

యాదగిరి, నేను పటాన్‌చెరులో ఒకే మందుల కంపెనీలో, ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లం. అతని భార్య సుగుణకు తోడబుట్టినవాళ్లు లేరు. ఏటా నాకే రాఖీ కట్టేది. ఇస్నాపూర్‌లో ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్లు. అదే ఊళ్లో నాకు రెండు గదుల సొంతిల్లు. సొంతమేమిటి, నా బొంద! బ్యాంకు లోనుతో కట్టింది. దాన్ని వాళ్లకు అమ్ముతానన్నాను. లక్డారంలో ఉన్న కాస్త పొలం అమ్మి సగం ఇచ్చారు. మిగతాది నెలనెలా నా చేతికివ్వాలి, అంతా తీరాక రిజిస్ట్రేషన్ చేస్తాను. అదీ మాట. లోను సంగతి మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? చెబితే కొనరని. వాళ్లిచ్చే డబ్బుతో లోను తీర్చేస్తే ఎవరికి నష్టమని నన్ను నేను నమ్మించుకున్నాను. ఎంత నీతిమంతుణ్ణో చూడండి.

వాళ్లు పాలు పొంగించిన రోజు యాదగిరి మొహమాటపడుతూనే నా పక్కకు వచ్చాడు.

"ఏమనుకోకురా, ఇంటి మీద బ్యాంకు లోను గిట్ల ఏమన్న ఉన్నదా?"

నేను నోరు విప్పేలోపే పొయ్యి దగ్గరి నుంచి సుగుణ అరిచింది. "ఏందయ్యా గా మాటలు? రాఖీ కట్టిచ్చుకున్నోడు చెల్లెను ముంచుతడా? జెర సిగ్గుండాలె!"

"చెల్లెకు ఇచ్చే ఇంట్ల లొసుగు పెడతనారా?" అన్నాను నేను. పైగా అలిగినట్టు ముఖం తిప్పుకున్నాను.

"తప్పైందిరా" అన్నాడు యాదగిరి. నాకు క్షమాపణ చెప్పాడు, పిచ్చి మారాజు! నేనుంటున్న కిరాయి ఇంటికి వస్తూ దారంతా నవ్వుకున్నాను, వీళ్లింత వెర్రివాళ్లేమిటని. చేసిన మోసం కన్నా ఆ నవ్వే నాకు ఎక్కువ రోత.

కొన్నాళ్లు లోను కట్టాను. తర్వాత అమీన్‌పూర్‌లో, చెరువు కనిపించే బాల్కనీ ఉన్న ఫ్లాటు మీద మనసు పడింది. వాళ్ల డబ్బంతా దానికి పోసి, లోను కట్టడం మానేశాను. బ్యాంకు నుంచి నా ఫ్లాటుకు వచ్చిన ఉత్తరాలు చింపేశాను. చివరికి బ్యాంకువాళ్లు వచ్చి యాదగిరి సామాను రోడ్డు మీద పెట్టించి ఇంటికి తాళం వేశారు.

నేను పరుగెత్తుకెళ్లి అందరి ముందూ నెత్తి కొట్టుకున్నాను. లోను ఎప్పుడో తీర్చేశానని, బ్యాంకువాళ్లే మోసం చేశారని ఏడ్చాను. కన్నీళ్లు కూడా వచ్చాయి! నమ్మారు. రోడ్డు మీద పడి ఉన్న బిందెలోంచి నీళ్లు ముంచి, సుగుణ నాకే తాగించింది.

వాళ్లు మళ్లీ ఇస్నాపూర్‌లో ఒక్క గదిలోనే ఉన్నారు. మొన్నటి రాఖీకి సుగుణ బస్సెక్కి మా ఫ్లాటుకు వచ్చింది. బాల్కనీలో నిలబడి చెరువును చూస్తూ, "మంచిగున్నదన్నా. నువ్వన్న సల్లగుండు" అంది. ఈసారి చెప్పేయాలనే అనుకున్నాను. రాఖీ కట్టాక నోరు తెరిచాను. లడ్డూ కోసమనుకుని నోట్లో పెట్టింది. తినేశాను. పళ్లెంలో నోటు వేశాను. ఆమె డబ్బే.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఎందుకంటే మీరు నన్ను ఇల్లు తిరిగిమ్మని అడగలేరు. అయినా గుండె కాస్త తేలికైంది. ఒక పిరికివాడికి ఈ మాత్రం కూడా ఎక్కువే. రాఖీ ఇంకా చేతికే ఉంది.