రాణికి పోసిన పాలు

మొన్న కారు డిక్కీలో పాల డబ్బా ఒలికిన సంగతి నేను చూసుకోలేదు. మరునాడు ఎండెక్కాక తలుపు తీస్తే పులిసిన పాల వాసన గుప్పున కొట్టింది. మా ఆవిడ ముక్కు మూసుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే చాలు, ఖాదర్ అంకుల్ ఇంటి ముందు గది, ఆ గదిలో మేము చేసిన నిర్వాకం కళ్ళ ముందుకొస్తాయి.

ఖాదర్ అంకుల్‌ది ప్రొద్దుటూరు. సిడ్నీ శివార్లలోని బ్లాక్‌టౌన్‌లో పప్పులు, మసాలా దినుసుల కొట్టు నడిపేవారు. ఆయన ఇంటి వెనక గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. Y2K పుణ్యమా అని సిడ్నీకి వచ్చి, ఒక బీమా కంపెనీ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చే పని చేస్తుండేవాణ్ణి. అంకుల్ ముందు గదిలో సోఫా ఉండదు, టీవీ ఉండదు. గోడ పొడుగునా గాజు పెట్టెలే. వాటిలో జనం ముచ్చటపడి కొని, ముచ్చట తీరాక వదిలేసిన బల్లులు, తొండలు, పాములు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఒక బల్లిని అట్టపెట్టెలో పెట్టి ఆయన కొట్టు ముందు వదిలేసి పోయారట. అలా మొదలైందన్నారు.

ఒక ఆదివారం కెల్లీవిల్ నుంచి మన తెలుగు దంపతులే ఒక తొండను తెచ్చారు. మెడ కింద గడ్డంలా ముళ్ళుండే రకం. “లెట్యూస్ బాగానే తింటుంది అంకుల్, కానీ నడవట్లేదు. కిడ్స్‌కి బోర్ కొట్టేసింది,” అందావిడ. అంకుల్ దాని దవడను వేలితో మెల్లగా నొక్కారు. రబ్బరులా వంగింది.

“దీనికి ఎండ లైటు పెట్టినారా అమ్మా?”

“అది బాగా కాస్ట్‌లీ అన్నారు అంకుల్. తొండకి అంత లైటెందుకులే అని...”

“మీ ఇంట్లో టీవీ ఎంత పెద్దది?”

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని భర్త వంక చూసింది. వాళ్ళు వెళ్ళాక ఆయన నా వైపు తిరిగి, “ఎండ చూపీకుండా పెంచినారు నాయనా. ఎముకలు మెత్తబడిపోయినాయి. నోరుంటే తిట్టేది వాళ్ళను,” అన్నారు. ఆ నెలంతా ఆయన దగ్గర పాఠాలు నేర్చుకున్నాను. వెలుగుతున్నా సరే, ఆరు నెలలకోసారి ఆ లైటు మార్చాలి. ఫ్రీజర్‌లో ఒక అర పాములకు పెట్టే చచ్చిన ఎలుకలకే. డాక్టరు ఖర్చు మనిషి ఖర్చుకు తీసిపోదు. వీటిని చూసేవాళ్ళు లేక సొంత తమ్ముడి కూతురి పెళ్ళికి కూడా ఆయన ఊరు వెళ్ళలేదు. చివరికి, “నువ్వు చూసుకుంటావు, నమ్మకం కుదిరింది,” అని ఆ గది తాళంచెవి ఒకటి నాకిచ్చారు.

Y2K గండం గడిచింది. కాంట్రాక్టులు ఒక్కొక్కటే ముగిశాయి. ఎవరో ప్రోగ్రామరు అద్దె ఇల్లు వదిలి చెప్పాపెట్టకుండా పోతే, ఆ ఇంట్లో ఆరడుగుల కొండచిలువ మిగిలింది. ఇంటి ఏజెంటు ఫోన్ చేస్తే అంకుల్ వెళ్ళి దిండుగలీబులో వేసుకుని తెచ్చారు. డొక్కలు కనిపించేంత చిక్కి ఉంది. “ఇది ఇరవై ఏండ్లు బతుకుతాది నాయనా. కొన్నోడి కాంట్రాక్టేమో ఆర్నెల్లు!” అన్నారు. దానికి రాణి అని పేరు పెట్టారు. నాలుగు నెలల్లో నిగనిగలాడేలా చేశారు.

అప్పుడు నేను నోరు జారాను. హెలెన్స్‌బర్గ్ గుడిలో పులిహోర తింటూ ప్రసాద్ అనే మిత్రుడు, “నాగుల చవితి వస్తోంది, ఈ దేశంలో పుట్ట ఎక్కడ దొరికి చస్తుంది!” అన్నాడు. “పుట్టెందుకు, పామునే చూపిస్తా,” అన్నాను గొప్పగా. చవితి నాడు అంకుల్ కొట్లో ఉండగా, ఆయన్ని అడక్కుండానే తలుపు తీశాను. నాలుగు కార్లలో పదకొండు మంది దిగారు. పట్టుచీరలు, చలిమిడి, చిమ్మిలి, వెండి గిన్నెలో పాలు. కిటికీలు మూసిన గదిలో అగరొత్తులు వెలిగించారు. రాణి తల మీద పసుపు, కుంకుమ చల్లారు. ఒకావిడ, “పాపం, ఎక్కడుండాల్సిన స్వామి ఎవరింట్లో ఉన్నాడో!” అని నిట్టూర్చింది. ఆ స్వామి పెట్టె కడిగి, తిండి పెట్టి బతికించింది ఎవరో ఆవిడకు పట్టలేదు. పాము పాలు తాగదని నాకు తెలుసు. అంకుల్ పక్కన కూర్చోబెట్టి చెప్పారు. అయినా ప్రసాద్ రాణి తల వంచి గిన్నెలో ముంచుతుంటే, పెద్దవాళ్ళ ముందు ఏం బాగుంటుందని ఊరుకున్నాను. ఫొటోలు తీసుకుని అందరూ వెళ్ళిపోయారు. వెచ్చని పెట్టెలో ఒలికిన పాలు తుడిచాను కానీ సాయంత్రానికే వాసన మొదలైంది. అంకుల్ అడిగితే, ఎలుక పాడైనట్టుందని అబద్ధమాడాను.

మూడో రోజుకు రాణి తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. పెదవుల దగ్గర నురగ. అప్పుడు చెప్పాను. అంకుల్ కొట్టు మూసి, రాణిని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఊపిరితిత్తుల్లోకి పాలు పోయాయని, వెంటనే తెచ్చి ఉంటే నయం చేయడం తేలికయ్యేదని డాక్టరమ్మ అంది. మూడు రోజులకొక ఇంజెక్షను. సూది నా చేతికిచ్చి, “నువ్వే వెయ్యి. ఎంత నొప్పో నీకు తెలియల్ల,” అన్నారు అంకుల్. ఏడు వేశాను. ఏడో సూదికి రాణి కదల్లేదు. పెరట్లో గొయ్యి తవ్వుతూ ఆయన అన్నారు: “దేవుడని మొక్కినోళ్ళు పదకొండు మంది. ఇదీ ఊపిరి తీసుకునే జీవమే అనుకున్నోడు ఒక్కడన్నా లేకపోయెనే!”

ఆ మూడు వారాల్లో పదకొండు మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు, ఎలా ఉందని అడగలేదు. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. అంకుల్ పోయాక ఆ గాజు పెట్టెలు మా ఇంటికి వచ్చాయి, లైటు మార్చాల్సిన తేదీలు ఇప్పటికీ నా క్యాలెండర్‌లోనే ఉంటాయి. ఎవరైనా పిల్లల పుట్టినరోజుకు తొండను కొంటామంటే, వాళ్ళు నొచ్చుకున్నా సరే, వద్దని మొహం మీదే చెప్తాను. పెద్దవాళ్ళ ముందు ఊరుకోవడం ఆనాటితో సరి.

రాణి పోయిన మరుసటి ఏడు చవితికి వారం ముందు ప్రసాద్ ఫోన్ చేశాడు. “ఈసారి ఇంకా ఎక్కువమందిమి వస్తాం, అంకుల్‌ని నువ్వే అడుగు.” ఆ పాము చచ్చిపోయిందని, మనం పోసిన పాల వల్లే చచ్చిపోయిందని చెప్పాను. ఇప్పుడైనా సిగ్గుపడతాడేమో అనుకున్నాను.

“అయ్యో,” అన్నాడు. “ఇంకోటి లేదా?”