వెర్నన్ వదిలేసిన బాస్

వెర్నన్ హోక్‌స్ట్రా పడవను చెరువు మధ్యకు తెచ్చుకున్నాడు గానీ, చాలాసేపు గాలం తీయలేదు. చేపలకని వచ్చిన మనిషి ఊరికే కూర్చుంటే చూసేవాళ్లకు నవ్వొస్తుంది. అతనికి మాత్రం చేతులు లేవలేదు. నెల రోజులుగా భార్యను లేపడం, పడుకోబెట్టడం, దుప్పట్లు ఉతకడం, ఒక్కో చెంచా సూపుకి బతిమాలడం. ఇన్నేళ్లు ఫౌండ్రీలో కరిగిన ఇనుము పోసినప్పుడు కూడా ఇంత అలసట ఎరగడు. తల ప్రాణం తోకకొచ్చింది.

గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చినప్పటి నుంచి భార్య ఆర్డిత్‌కి మింగుడు పడటం లేదు. ఈ వారం కూడా తినకపోతే పొట్టలోకి గొట్టం వేయక తప్పదని ఆసుపత్రిలో చెప్పారు. గొట్టం మాట వినగానే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

“వెర్న్, బ్లూగిల్ చేప అయితే దిగుతుందేమో.”

“ఏంటి?”

“బ్లూగిలే. వెన్నలో వేయించి పెట్టు. ముల్లు మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు.”

ఇన్నాళ్లలో ఆమె నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే. తెల్లారగానే మరదల్ని ఆమె దగ్గర కూర్చోబెట్టి వెర్నన్ పడవెక్కాడు.

ఈ చెరువు, స్పూనర్ లేక్, ఎంతో పెద్దది కాదు. ఈ ఒడ్డున తుమ్మితే ఆ ఒడ్డువాళ్లు దీవిస్తారు. మిషిగన్‌లో ఇలాంటి చెరువులు కోకొల్లలు. ఇది మాత్రం పెంకిది. నీళ్లు అద్దంలా ఉంటాయి, పడవ నీడ పడితే చాలు చేపలు మాయం. చుట్టూ కలువాకులు, వాటి కింద మునిగిన మొద్దులు. గాలానికి ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది, చేప తప్ప.

ఇదివరకు ఇలా లేదు. జూన్‌లో బ్లూగిల్‌లు ఒడ్డు పక్క ఇసుకలో పళ్లెమంత గుంటలు చేసి గుడ్లు పెడతాయి. ఆడది పెట్టి పోతుంది. మగది తిండి మానేసి ఆ గూటికి కాపలా ఉంటుంది, దగ్గరికి ఏమొచ్చినా కొరుకుతుంది. పట్టడం చిటికెలో పని. ఒడ్డున ఇళ్లున్నవాళ్లంతా ఏటా ఆ మగవాటినే బకెట్లకెత్తారు. పిల్ల చేపల్ని తిని అదుపులో పెట్టే బాస్ అనే పెద్ద చేపలనూ వదల్లేదు. చివరికి చెరువు నిండా బొటనవేలంత బ్లూగిల్‌లు మిగిలాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు అందరూ కూర్చుని కట్టుబాటు పెట్టుకున్నారు. బాస్ ఎంతటిది పడినా నీళ్లలోకే. గూటి మీది మగ బ్లూగిల్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ కట్టుబాటు పెట్టించింది వెర్ననే. దానికి పోలీసూ అతనే, జడ్జీ అతనే.

పోయినేడు పక్కింటి గ్లెన్ బోస్మా తన మనవరాలు పట్టిన మొదటి బాస్‌ని ఇంట్లో వండి పెట్టాడు. ఆ సంగతి తెలిసి వెర్నన్, ఆదివారం చర్చిలో కాఫీలు తాగే చోట అందరి ముందూ అతన్ని కడిగేశాడు. “నీ ఇంటి ముద్దకి చెరువంతా బలి కావాలా?” అన్నాడు. గ్లెన్ కప్పు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఇద్దరికీ మాటల్లేవు. ఆ గ్లెన్ ఇప్పుడు తన ఇంటి ముందు చెక్క రేవు మీద కుర్చీ వేసుకుని ఇటే చూస్తున్నాడు.

వెర్నన్ లోతులోకి వానపాము దించాడు. బెండు మునిగింది. బొటనవేలంత బ్లూగిల్. వదిలాడు. మళ్లీ వేస్తే దాని తమ్ముడు. ఇంకోసారి వేస్తే వాడి తమ్ముడు. వీటిలోంచి ముళ్లు తీసేస్తే తినడానికి ఏమీ మిగలదు. ఎండ ఎక్కింది, నడుము లాగేస్తోంది, ఒట్టి చేతులతో ఇంటికి వెళ్లడం ఎలాగో తెలియలేదు.

కలువాకుల అంచున గాలం కర్ర వంగింది. మొద్దు తగిలిందనుకున్నాడు. మొద్దు కదిలింది. బాస్, అదీ మోచేతి పొడవున్న బాస్. ముల్లు తగలని తెల్లటి ముక్కలు రెండు పూటలకి సరిపోతాయి. బ్లూగిల్ కాకపోతేనేం! “నువ్వు మాత్రం ఇంటికే,” అన్నాడు పైకే. మెల్లగా పడవ పక్కకు లాక్కొచ్చాడు. చేయి తడుపుకున్నాడు. కింది దవడ పట్టుకుని గాలం ఊడదీశాడు. చేపను నీళ్లలోకి దించి, వేళ్లు వదిలాడు.

తోక ఒక్కసారి ఆడింది. అంతే.

వెర్నన్ ఖాళీ చేయి చూసుకున్నాడు. వదలాలనుకోలేదు. ఇన్నేళ్లుగా చేస్తున్న పనిని చేయి తనంతట తాను చేసేసింది.

“శభాష్ జడ్జిగారూ!” రేవు మీంచి గ్లెన్ చప్పట్లు కొట్టాడు. “ఏమి న్యాయం, ఏమి ధర్మం! ఫొటో తీసి చర్చి గోడకి తగిలించమంటారా?”

వెర్నన్ తల ఎత్తలేదు. భుజాలు కదులుతున్నాయి. అది చూసి గ్లెన్ చప్పట్లు ఆపాడు.

“ఏరా వెర్న్, ఏమైందిరా?”

“ఆర్డీకని ఉంచుకుందామనుకున్నాను. చేయి వదిలేసింది.”

“చేయి వదిలేయడమేంట్రా?”

“వదిలేసింది, అంతే. ఆర్డీ బ్లూగిల్ అడిగింది గ్లెన్. ఇన్నాళ్లకి నోరు తెరిచి అడిగింది. ఈ వారం తినకపోతే గొట్టం వేస్తారట.”

గ్లెన్ రేవు పక్కనే, మోకాలిలోతు నీళ్లలో గూళ్లున్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అడగాలి. నలుగురిలో పరువు తీసినవాణ్నే అడగాలి. పౌరుషానికైనా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. వెర్నన్‌కి అదీ మిగల్లేదు.

“నీ రేవు దగ్గర గూళ్ల మీద...” అని ఆగిపోయాడు.

“ఉన్నాయి. ఈ ఏడే కాస్త అరచేయంతవి కనిపిస్తున్నాయి. నా మనవరాలి నోరు కొట్టి పెంచావు కదా!”

“తీసుకోనా?”

గ్లెన్ ఒకసారి గూళ్లకేసి చూశాడు. మోకాళ్ల మీద చేతులూని లేచాడు. కుర్చీ ఎత్తి ఇంటివైపు తిప్పుకుని, చెరువుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

“నన్నడిగితే రూలు రూలే అంటాను. అందుకని నన్నడక్కు. ఎడమ పక్క పెద్దవి.”

అది నిజంగానే చిటికెలో పని. వానపాము గుంటలో పడగానే మగది ఎగిరి కొరికింది. దాన్ని పైకి ఎత్తగానే, ఎక్కడ కాచుకుని ఉన్నాయో, బొటనవేలంతవి గుంపుగా వచ్చి కాపలా లేని గుడ్ల మీద పడ్డాయి. వెర్నన్ అది చూశాడు. అయినా పక్క గుంటలోకి గాలం వేశాడు.

ఇంట్లో ముక్కలు కోసి, ప్రతి ముక్క మీదా వేలితో తడిమి తడిమి ముళ్లు చూశాడు. ఉప్పు బిస్కెట్ల పొడి అద్ది వెన్నలో వేయించాడు. ఆర్డిత్ మొదటి ముద్ద చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. తర్వాత కళ్లు మూసుకుని మింగింది. అది దిగేదాకా వెర్నన్ ఊపిరి తీసుకోలేదు. ఆమె రెండో ముద్ద తీసుకుంది.

“పెద్దవే దొరికాయే. ఎక్కడ?”

“గ్లెన్ రేవు దగ్గర.”

ఆమె ఫోర్క్ ఆగింది. “గూళ్ల మీదవా?”

“ఊఁ.”

“నువ్వా వెర్న్!” అని అతని మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనిపించిందో, ఫోర్క్ మళ్లీ ముక్కలో గుచ్చింది. పళ్లెం ఖాళీ చేసి వెనక్కి వాలింది.

“రేపు కూడా దిగుతుందనుకుంటా,” అంది కాసేపటికి. “కానీ ఆ గూళ్లు...”

“ఇంకా ఉన్నాయి,” అన్నాడు వెర్నన్. “అన్నీ అయిపోయేదాకా తెస్తాను.”