బూడిద ఇటుక మీద నా పరిశోధన

ఈ కథలో రెండు కనకాంబరం మొక్కలు చస్తాయి, ఒక అల్లుడి పరువు పోతుంది. జాలి ఉంటే మొక్కల మీద చూపించండి. అల్లుణ్ణి నేనే.

మూడేళ్ల కిందట తిరుచానూరు దగ్గర ఇల్లు మొదలుపెట్టాం. మా పాపకు ఆయాసం, అద్దె ఇంట్లో ఏ గోడ చూసినా చెమ్మ. పిల్ల హాయిగా ఊపిరి పీల్చుకునే ఇల్లు కట్టాలి, అదొక్కటే నా కోరిక. ఇటుకలు మా బావమరిది మునిరత్నం పంపాడు. కరెంటు కోసం బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతో ఇటుకలు చేసి అమ్ముతాడు వాడు.

అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి మూడు పూటలా భోజనం పెట్టి పోషించేవాణ్ణి నేను. పాలవాడి ముందే పాలలో వేలు ముంచి చూసే మనిషిని, బూడిదను ఊరికే వదులుతానా?

"ఏమప్పా మునిరత్నం, దీంట్లో విషం ఉంటాదంట కదా? నీళ్లు తగిలితే బయటికొస్తాదంట?"

"అడగాల్సిన మాటే అడిగినావు బావా. బూడిద లోడు మారినప్పుడల్లా ల్యాబులో పరీక్ష చేయిస్తా. ఇదో రిపోర్టు, సూడు."

చూడలేదు. మడిచి పర్సులో పెట్టుకున్నాను. అమ్మేవాడు ఇచ్చిన కాగితాన్ని నమ్మడమా? నేనే పరీక్ష పెట్టాను. గుడి దగ్గర పూలమ్మే మా అత్తగారి దగ్గర్నుంచి రెండు కనకాంబరం మొక్కలు తెచ్చి, ఒకదానికి ఇటుక ముక్క నానబెట్టిన నీళ్లు, ఇంకోదానికి కుళాయి నీళ్లు పోశాను. వారం తిరిగేసరికి రెండూ చచ్చాయి. మీరైతే కాస్త ఆగి ఆలోచించేవారు. నేను మాత్రం విషం గాల్లోంచి రెండో కుండీలోకి దూకిందని తేల్చేశాను.

ద్వారబంధం నిలబెట్టే రోజు చుట్టాలంతా వచ్చారు. మునిరత్నం దగ్గర ఇటుకలు కొందామనుకుంటున్న ఇద్దరు కూడా వచ్చారు. ఆడవాళ్లు గడపకు పసుపు రాస్తుండగా, ఎండిన మొక్కలు పైకెత్తి నిలబడ్డాను.

"సూడండప్పా! ఈ ఇటుకలతో మా పాపను సంపాలని సూస్తాండాడు వీడు!"

మునిరత్నం ముఖం పాలిపోయింది. కొనవచ్చిన ఇద్దరూ చెప్పులు వేసుకుంటున్నారు. అత్తగారు మాత్రం మొక్కలు అందుకుని వేర్లు తడిమింది.

"అల్లుడా, ఈ వేర్లు ఇట్ల తెగినాయేమి?"

"విషం యాడిదాకా ఎక్కిందో సూద్దామని దినామూ పొద్దున్నే పీకి సూసి, మళ్లా నాటినా అత్తా."

"రెండిట్నీనా?"

"రెండిట్నీ."

"దినామూ పీకి సూస్తే అమృతం పోసినా యాడ బతుకుతాదబ్బా!"

షామియానా ఊగిపోయేలా నవ్వారు. మునిరత్నం ఒక్కడే నవ్వలేదు.

"రిపోర్టు తియ్ బావా. అందరికీ ఇనపడేట్ల సదువు."

చదివాను. ఇటుకను నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలోకి ఏమేం దిగిందో చూసిన పరీక్షే అది. అన్నీ హద్దులోనే ఉన్నాయి. చెప్పులు వేసుకున్న ఇద్దరూ మళ్లీ విప్పారు. వాడి చేతులు పట్టుకుని తప్పయిందన్నాను.

ఆ గడప మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: అనుమానం వస్తే అడుగుతాను, ఇచ్చిన కాగితం చదువుతాను, చదవకుండా ఎవరినీ పదిమందిలో నిందించను. ఆ ప్రమాణం అత్తగారు నాచేత మూడుసార్లు చేయించింది. నా మాట మీద ఆమెకు అనుమానమట.